వెంకాయమ్మ వదిన పుట్టిల్లు

గేదె సంగతి

రేడియోలో కొత్తగా చేరినవాళ్లకి ముందు మైకు గురించి చెబుతారు. మైకుకి ఎంత దూరంలో కూర్చోవాలి, కాగితం చప్పుడు కాకుండా ఎలా తిప్పాలి, దగ్గొస్తే ఏం చెయ్యాలి, ఇలాంటివి. అవి ఎవరికైనా నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. నేను మాత్రం ముందు ఒక గేదె గురించి చెబుతాను. మా ఉద్యోగం ఏమిటో నాకు అర్థమైంది దానివల్లే.

గోదావరి జిల్లాల రైతుల కోసం మా స్టేషను నుంచి రోజూ సాయంత్రం ఒక కార్యక్రమం వచ్చేది. ఇప్పటికీ వస్తోంది, కాకపోతే మధ్యాహ్నానికి మార్చారు. అందులో ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. సూరిబాబు, అతని అన్న భార్య వెంకాయమ్మ. ఎరువుల మోతాదు దగ్గర్నుంచి కాలువకి నీళ్లు వదిలే రోజు దాకా ఆ వదినా మరుదుల మాటల్లోనే రైతులకి చేరాలి. అన్నయ్య మాత్రం ఎప్పుడూ పొలంలోనే ఉండేవాడు. మూడో ఆర్టిస్టుని పెట్టుకునే తాహతు మా స్టేషనుకి లేదు మరి.

సూరిబాబుని నేనే. నా అసలు పేరు మా ఇంటి కరెంటు బిల్లు మీద ఉంటుంది. రావులపాలెం బస్టాండులో నేను నోరు తెరిస్తే చాలు, ఇప్పటికీ ఎవరో ఒకరు వెనక్కి తిరిగి "సూరిబాబు గారు కదండీ" అంటారు. వెంకాయమ్మ వదినగా మాట్లాడింది రాజ్యలక్ష్మి గారు. నాటకాల నుంచి వచ్చిన మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేవారు. గొంతు వింటే మాత్రం నడుముకి కొంగు బిగించి, పది మంది కూలీల చేత పని చేయించే పెద్ద ఇల్లాలు కళ్లముందు కనపడేది.

ఒక ఏడు పశువులకి గాలికుంటు జబ్బు వచ్చింది. టీకాలు వేయించుకోమని ఉత్తినే చెబితే ఎవరు వింటారు? అందుకని వెంకాయమ్మ గేదెకి జబ్బు చేయించాం. దాని పేరు నల్లమ్మ. రోజూ వదిన బాధపడేది, నేను పశువుల డాక్టరు గారిని పిలుచుకొచ్చేవాణ్ణి, ఆయన నిజం డాక్టరే, జాగ్రత్తలు చెప్పేవారు. కార్యక్రమం బ్రహ్మాండంగా నడుస్తోంది. ఇంతలో కోతల మీద తుఫాను పడింది. పొలాల్లో పనలు నీళ్లలో తేలుతున్నాయి. కంకి మీదే గింజ మొలకెత్తకుండా ఉప్పునీళ్లు ఎలా చల్లాలి, తడిసిన ధాన్యాన్ని ఎలా ఆరబెట్టాలి, అన్నీ అవే మాటలు. ఆ గొడవలో పడి గేదెని అందరం మరిచిపోయాం. స్క్రిప్టు రాసే నేనూ మరిచాను, చదివే ఆవిడా మరిచారు, పైన వినే ఆఫీసరూ మరిచాడు.

మరవనివాళ్లు వేరే ఉన్నారు. ఒక రోజు పొద్దున్నే స్టేషను గేటు దగ్గర గొడవగా ఉంటే వెళ్లి చూశాను. గోదావరి మధ్యనున్న లంకల నుంచి గంగరాజు అనే ఒక రైతు వచ్చాడు. పంటు మీద ఏరు దాటి, అక్కణ్ణుంచి ట్రాలీ ఆటో కట్టించుకుని, ఒక పెయ్య దూడని తోలుకొచ్చాడు. వాచ్‌మన్ దాన్ని లోపలికి రానివ్వడు, ఆయన దాన్ని వదలడు.

"గేదె పోయినట్టుందండి," అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "బయటికి చెప్పలేక ఊరుకున్నారు. ఆవిడ పాలమ్ముకుని నెట్టుకొస్తున్నారు కదండీ. మా ఆడాళ్లు ఈ పెయ్యని ఇచ్చి రమ్మన్నారండి."

అంతా ఉత్తిదేనని ఆ మనిషితో చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా డైరెక్టరు గారు కిందికి దిగి వచ్చారు. ఆయన వేరే జిల్లా మనిషి, ముక్కోపి, కాఫీ లేనిదే ఫైలు ముట్టుకోరు. ఆ రోజు గంగరాజు గారిని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, గేదె కోలుకుందని, చెప్పకపోవడం మాదే పొరపాటని, పెయ్యని వెంకాయమ్మ గారి పేరు మీద మీ దగ్గరే పెంచమని ఎంతో మర్యాదగా చెప్పారు. ఈలోగా రికార్డింగుకి వచ్చిన రాజ్యలక్ష్మి గారు విషయం విని, సరాసరి వరండాలోకి వచ్చి, "అన్నయ్యా, ముందు దాన్ని నీడలో కట్టండి. ఎండకి నోరు తెరుస్తోంది," అన్నారు. గంగరాజు ఆ గొంతు గుర్తుపట్టి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఈ సన్నటి మనిషి వెంకాయమ్మ ఎలా అయిందని ఆయనకి అనుమానమే రాలేదు. పైపెచ్చు గేదె బెంగతో చిక్కిపోయారని జాలిపడ్డాడు.

ఆయన వెళ్లాక డైరెక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపేశారు. "కల్పించినందుకు నేనేమీ అనను. మనం జీతం తీసుకునేది అందుకే. కల్పించి సగంలో వదిలేశారే, అది తప్పు. అక్కడ ఒక ఇంట్లో జనం అన్నం తింటూ ఆ గేదె గురించి మాట్లాడుకున్నారు," అన్నారు. సాయంత్రం నల్లమ్మకి నయమైపోయింది, చెంబు నిండా పాలిచ్చింది.

మైకు ముందు రైతు

రైతు ఇంటికి వెళ్లి మాట్లాడించడం ఈ ఉద్యోగంలో సగం పని. మైకు బయటికి తీయనంత సేపూ రామచంద్రపురం రైతు అమృతంలా మాట్లాడతాడు. తీశామా, అంతే, "రైతు సోదరులకు నేను మనవి చేయునదేమనగా" అని మొదలుపెడతాడు. ఇంట్లోకి వెళ్లి ఇస్త్రీ చొక్కా కూడా వేసుకొస్తాడు, రేడియోకి చొక్కా కనపడదని తెలిసీను.

దీనికి నేనొక దారి కనిపెట్టాను. దిగుబడి గురించి అడగను. మీ చేను ఏ సంవత్సరం పాడైందండీ అని అడుగుతాను. సుడిదోమ పట్టి చేను చేనంతా మాడిపోయిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టాక ఏ రైతుకీ మైకు గుర్తుండదు. గాలి ఆడేట్టు ఊడ్పుల్లో కాలిబాటలు ఎందుకు తియ్యలేదని అక్కడే ఉన్న భార్య నిలదీస్తుంది. ఆయన నసుగుతాడు. ఆ నసుగుడు విన్నవాళ్లు మరుసటి ఏడు బాటలు తీస్తారు. ఎంత గొప్ప శాస్త్రవేత్త ప్రసంగమైనా ఆ నసుగుడంత పని చెయ్యదని నా అనుభవం. మీరు చేరేనాటికి ఈ మాట ఎవరూ చెప్పకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను.

ఇంకో మాట. మాట్లాడినవాళ్ల ఊరి పేరు సరిగ్గా పలకండి. మనకది పేజీలో ఒక పదం. ఆ ఊళ్లో వాళ్లకి అదే కార్యక్రమం మొత్తం.

పేరు చెప్పని పని

రైతుల కార్యక్రమంలో ఆర్టిస్టుల పేర్లు చదవకూడదని మా దగ్గర కట్టుబాటు. నాటకానికైతే చివర అందరి పేర్లూ చదువుతారు. మేము పేర్లు చెబితే వెంకాయమ్మ వెంకాయమ్మగా మిగలదని. ఆ విధంగా రెండు జిల్లాల్లో ఏ అరుగు మీద విన్నా గుర్తుపట్టే గొంతు రాజ్యలక్ష్మి గారిది. పేరు మాత్రం ఆవిడ ఉన్న సందులో వాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

నాకిది అన్యాయంగా తోచేది. కనీసం ఒక్కసారైనా ఆవిడ పేరు చదివేలా డైరెక్టరు గారిని అడుగుతానని ఒక రోజు ఆవిడతో అన్నాను. ఆవిడ కంగారుపడ్డారు.

"వద్దండి మరిదిగారూ. పేరు చెబితే మా ఇంట్లో రేడియో కట్టేస్తారు," అన్నారు.

బయట కూడా నన్ను మరిదిగారూ అనే పిలిచేవారు. నేనూ వదినగారూ అనేవాణ్ణి. అప్పుడు చెప్పారు, తన పుట్టింటి సంగతి. పెళ్లి కాకముందే నాటకాల్లో వేషం కట్టారు. హార్మోనియం వాయించే సత్యం గారిని చేసుకున్నారు. వేషాలు కట్టినదానికి మా గుమ్మం తొక్కే అర్హత లేదని తండ్రీ, అన్నలూ అన్నారు. అంతే, మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. చాలా ఏళ్ల తర్వాత చిన్నప్పటి స్నేహితురాలు ఒకావిడ రాజమండ్రి బజారులో కనపడి, మీ అమ్మ రోజూ సాయంత్రం రేడియో దగ్గరే కూర్చుంటుంది, వెంకాయమ్మ మాటలకి పడీ పడీ నవ్వుతుంది అని చెప్పిందట. గొంతు గుర్తుపట్టి నవ్వుతోందో, మామూలుగా నవ్వుతోందో ఆ స్నేహితురాలు అడగలేదు. రాజ్యలక్ష్మి గారూ అడగలేదు.

అది విన్నాక నాకో విషయం అర్థమైంది. స్క్రిప్టులో లేని మాటలు ఆవిడ మధ్య మధ్య వేస్తూ ఉండేవారు. పనసపొట్టు కూరలో ఆవపెట్టడం మా అమ్మ తర్వాతే మరిదీ అనో, మా లంకలో మామిడి పిందెలు రాలుతుంటాయి ఈపాటికి అనో, మా అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయో లేదో అనో. నేను అదేదో సహజంగా ఉండటానికి అనుకుని సంతోషించేవాణ్ణి. ఆవిడ తల్లితో మాట్లాడుతున్నారు.

లంకలో పుట్టిల్లు అన్నారు కానీ ఏ లంకో ఎప్పుడూ చెప్పలేదు. దాంతో గోదావరి పాయల మధ్య ఉన్న ప్రతి లంకవాళ్లూ వెంకాయమ్మ మా ఊరి ఆడపడుచే అనుకున్నారు. మా ఊరొస్తే మా ఇంట్లో దిగమనండి అని ఉత్తరాలు రాసేవారు. ఆవిడ అసలు ఊరు లంకో, మెరకో నాకూ తెలియదు.

తల్లి పోయిన కబురు కూడా ఆ స్నేహితురాలి ద్వారానే తెలిసింది, కర్మకాండలన్నీ అయిపోయాక. ఆ సాయంత్రం రికార్డింగుకి వచ్చి కూర్చున్నారు. కళ్లు వాచి ఉన్నాయి. ఇవాళ వద్దంటే వినలేదు. పంటకి పట్టే పిండినల్లి గురించి మాట్లాడుకుంటున్నాం. మధ్యలో కాగితం పక్కన పెట్టేసి, "మా అమ్మకి ఒంట్లో బాగాలేదట మరిదీ. ఒకసారి వెళ్లి చూసి రావాలి," అన్నారు.

రికార్డింగు ఆపాల్సింది. ఆపలేదు. "వెళ్లి రా వదినా. పాలు నేను పితుకుతాలే," అన్నాను.

వారం పాటు వెంకాయమ్మ పుట్టింటికి వెళ్లింది. నేనొక్కణ్ణే ఏదో తంటాలు పడ్డాను. ఆ వారమంతా రాజ్యలక్ష్మి గారు సందులో తన ఇంట్లో, గుమ్మం దాటకుండా కూర్చున్నారని సత్యం గారు తర్వాత చెప్పారు. తిరిగొచ్చి మైకు ముందు కూర్చున్నాక, అమ్మ ఎలా ఉందని నేనడిగాను, అడక్కపోతే వినేవాళ్లు ఊరుకోరు. బాగుంది, నన్ను చూసి చాలా సంతోషించింది అన్నారు. నేను తర్వాతి వాక్యం వదిలేసి, దాని కిందిది చదివాను.

ఫోను వచ్చాక

ఇప్పుడు శ్రావ్య గురించి చెప్పాలి. నేను రిటైరయ్యాక మా స్టేషనులో కొత్తగా చేరి ఆ రైతుల కార్యక్రమమే చూస్తున్న అమ్మాయి. చురుకైన పిల్ల. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి కూర్చుని, "సార్, నేను మాట్లాడుతుంటే అవతల ఎవరూ లేనట్టుంటుంది. ఒక్క ఉత్తరం రాదు, ఒక్క ఫోను రాదు. నిజంగా ఎవరైనా వింటున్నారా?" అని అడిగింది. అప్పటికే పైన ఈ స్థానిక కార్యక్రమాన్ని తీసేసి, రాజధాని నుంచి వచ్చేదే రిలే చేద్దామన్న ఆలోచన నడుస్తోంది. తీసేస్తే తీసేశారు కానీ, ఎవరూ వినని చోట తను మాట్లాడుతోందా అన్నది ఆ పిల్ల బాధ.

నేను తియ్యటి మాటలు చెప్పలేదు. మీకూ చెప్పను. రావులపాలెంలో అరటిగెల ధర పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పడిపోతుంది. మధ్యాహ్నం మనం చదివేది పాచిపోయిన ధర. వాన ఎప్పుడొస్తుందో ఫోను గంట గంటకీ చెబుతుంది. చీడ పట్టిన ఆకుని ఫోటో తీసి పంపితే పేరు చెప్పేవాళ్లున్నారు. ఇవన్నీ మనకంటే ఫోనే బాగా చేస్తుంది. ఆ పనుల్లో దానితో పోటీ పడేవాడు నా దృష్టిలో తెలివితక్కువవాడు. రేడియో గొప్పదనం గురించి సభల్లో ఉపన్యాసాలిచ్చే మా రిటైరైనవాళ్లని చూస్తే నాకు చిరాకు. వాళ్లిళ్లల్లోనే రేడియో ఉండదు.

అయితే ఫోను ఎవరికి కావలసింది వాళ్లకి చూపిస్తుంది. మొగుడికొకటి, పెళ్లానికొకటి, పక్కింటివాడికి ఇంకోటి. ఎక్కడో ఎర్రనేలలో మెట్ట పంట పండించేవాడి వీడియో మన ఒండ్రునేల రైతు చూసి అదే చెయ్యబోతాడు. నీ చేలో నీళ్లు నిలబడి ఉన్నాయిరా నాయనా అని చెప్పేవాడు ఆ వీడియోలో ఉండడు. మనది చిన్న గొంతే కానీ ఇక్కడి గొంతు. వానా ఇక్కడే, మనమూ ఇక్కడే తడుస్తున్నాం. అది నేను నమ్మాను. వింటున్నారా అన్న ప్రశ్నకి మాత్రం తెలియదమ్మా అన్నాను. ఆ పిల్ల కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం

రాజ్యలక్ష్మి గారికి గుండె బలహీనపడింది. నేను రిటైరైనా ఆవిడ అప్పుడప్పుడూ వెళ్లి శ్రావ్యతో రికార్డింగు చేసి వస్తూనే ఉండేవారు. ఆఖరికి ఆసుపత్రిలో చేర్చారు. రోజూ వెళ్లేవాణ్ణి. ఒక రోజు సత్యం గారు మందులకి కిందికి వెళ్లినప్పుడు ఆవిడ నా వైపు తిరిగి మెల్లిగా అన్నారు:

"నేను పోయాక నా మీద పుట్టింటి చీర కప్పేవాళ్లెవరండీ?"

మన వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కొత్తచీర, పసుపు కుంకుమలు తెచ్చి సాగనంపుతారు. అది లేకుండా వెళ్లడమంటే ఎవరికీ కానిదానిలా వెళ్లడం. తండ్రి పోయాడు, అన్నలు పోయారు. వాళ్ల పిల్లలకి ఇలాంటి మేనత్త ఒకావిడ ఉందనే తెలియదు. పిచ్చి మాటలు మాట్లాడకండి, అంతవరకూ వస్తే నేను తెస్తాను అన్నాను. ఆవిడ నవ్వారు.

"మీరు మరిది కదండీ. అత్తింటి తరఫు. చెల్లదు."

అన్నేళ్ల మా చుట్టరికం మాకు ఉద్యోగం ఇచ్చినదే, కల్పించినదే. అయినా ఆవిడ మాట కాదనడానికి నాకు మనసు రాలేదు. నిజమే, చెల్లదు అనిపించింది. ఇంటికి నడిచి వస్తూ గోదావరి గట్టు మీద చాలా సేపు కూర్చున్నాను. ఒక మనిషికి ఇంత చిన్న కోరిక తీర్చే దారి లేకపోవడం నాకు ఏడుపు తెప్పించింది.

కొద్దిరోజులకి ఒక తెల్లవారుజామున పోయారు. సాయంత్రం తీసుకెళ్లాలని నిర్ణయించారు. సత్యం గారు ఒక మూల గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. వాళ్లకి పిల్లల్లేరు. సందులోవాళ్లే అన్నీ చూస్తున్నారు. శ్రావ్య వచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే ఫోనులో ఆవిడ ఫోటోతో ఒక పోస్టు పెట్టింది. చూస్తుండగానే దండం బొమ్మలు వచ్చాయి. ఎక్కడెక్కడివాళ్లో మంచి మాటలు రాశారు. అవి అబద్ధపు మాటలని నేననను. సత్యం గారికి చదివి వినిపిస్తే ఆయన తల ఊపారు.

శ్రావ్య నన్ను పక్కకి పిలిచింది. మధ్యాహ్నం కార్యక్రమంలో చెబుదాం సార్, పేరుతో సహా చెబుదాం, మీరే చెప్పండి అంది. కట్టుబాటు గుర్తు చేశాను. "ఎవరి కోసం సార్ ఆ కట్టుబాటు ఇంకా?" అంది. రేడియో కట్టేస్తారని ఆవిడ భయపడ్డ ఇంట్లో ఆ తల్లి లేదు, తండ్రీ లేడు. పై ఆఫీసరుకి ఫోను చేస్తే మీటింగులో ఉన్నానన్నాడు. ఆ పిల్ల తన బాధ్యత మీదే నన్ను స్టూడియోలో కూర్చోబెట్టింది.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆ కుర్చీ. పక్క కుర్చీ ఖాళీ. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. సూరిబాబుని మాట్లాడుతున్నానండి అని మొదలుపెట్టాను. వెంకాయమ్మ వదిన ఇవాళ పొద్దున్న పోయిందని చెప్పాను. ఆవిడ పేరు ఇన్నేళ్లూ మీకు చెప్పలేదండి, రాజ్యలక్ష్మి గారండి అని చెప్పాను. ఏ వీధో, ఎప్పుడు తీసుకెళ్తున్నామో చెప్పాను. పుట్టింటి మాట ఎత్తలేదు. అది ఆవిడ నన్ను నమ్మి చెప్పుకున్నది. తర్వాత నేను మైకు దగ్గర్నుంచి జరిగితే శ్రావ్య అందుకుని, ఆ రోజు చెప్పాల్సిన వరి నారుమడి జాగ్రత్తలు చదివింది. ఆవిడే ఉంటే అదే చెయ్యమనేవారు.

బయటికొచ్చాక శ్రావ్య ఫోను వైపు చూస్తూ కూర్చుంది. స్టేషను ఫోను మోగలేదు. పదండి సార్, వెళ్దాం అంది.

ఇంటి దగ్గర పాడె కట్టడం అయిపోవచ్చింది. స్నానం చేయించారు. పక్కింటి పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి, "పుట్టింటివాళ్లు ఎవరైనా వస్తున్నారా అండి? చీర కప్పాలి కదా," అని అడిగింది. సత్యం గారు నేల వైపు చూశారు. రారని ఆయనకి తెలుసు. ఇంకాసేపు చూద్దామని ఎవరో మర్యాదకి అన్నారు. ఏదైతే అదవుతుంది, బజారుకి వెళ్లి నేనే తెచ్చి ఎవరి చేతికో ఇద్దామా అనుకున్నాను. ఆవిడకి అబద్ధం ఆడినట్టవుతుందని ఆగిపోయాను.

అప్పుడు సందు మొదట్లో ఒక వ్యాను ఆగింది. అరటిగెలలు వేసే వ్యాను, గెలల కింద వేసే గడ్డి ఇంకా అంటుకునే ఉంది. నలభై ఏళ్ల మనిషి దిగాడు. చొక్కా నిండా అరటి మరకలు. వెనక ఒకావిడ, చేతిలో కవరు. రాజ్యలక్ష్మి గారి ఇల్లేనాండి అని అడిగాడు. అవునన్నాను. గొంతు విని నా మొహంలోకి చూసి, చెప్పులు విప్పాడు.

రావులపాలెం మార్కెట్టులో భార్యతో కలిసి గెలలు దింపుతుంటే వ్యానులో రేడియో మోగుతోందట. విని, లంకలో ఉన్న వాళ్లమ్మకి ఫోను చేశాడట. ఆవిడ ముసలావిడ, కదలలేని మనిషి. మీరిద్దరూ వెంటనే వెళ్లండి, ఉత్తి చేతులతో వెళ్లకండి అందట. దారిలో ఆగి చీర కొన్నారు. పసుపు రంగు నేత చీర, ఎర్రంచు.

నేను చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ రేడియోలో వేషం వేసేవారు బాబూ, మీ ఊరు అవునో కాదో నాకు తెలియదు అన్నాను.

"తెలుసండి. పేరు చెప్పారు కదండీ," అన్నాడు. "ఎవరైతేనేంటండి. మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ మా ఊరి ఆడపడుచనే అనుకున్నాం. ఆవిడ పోతే రాకుండా ఎలా ఉంటామండి?"

చీర లోపలికి తీసుకెళ్లేలోపు ఇంకో ఇద్దరు వచ్చారు. పట్టిసీమ అవతల నుంచి, బస్సు మీద. మొగుడూ పెళ్లాలు. ఆవిడ కొంగులో పసుపు కుంకుమలు మూటకట్టుకుని, చంకలో చీర పెట్టుకుని ఉంది. మోటారు షెడ్డు దగ్గర విన్నామండి అంది. ముందొచ్చినవాళ్ల చేతిలో చీర చూసి కొంచెం నొచ్చుకుని, పుట్టిల్లు లంకంటే మాదేనండి, మా అత్తగారు ఎప్పుడూ చెప్పేది అంది. ఆ వ్యాను ఆయన మాదేనండి అన్నాడు. శవం ముందు గొడవేంటని పెద్దావిడ ఇద్దర్నీ కసురుకుని, రెండూ కప్పండి, ఆడపిల్లకి ఎక్కువైతే తప్పేం లేదు అంది. వాళ్ల వెనకే సందులోకి ఇంకా ఎవరో నడిచి వస్తున్నారు.

శ్రావ్య గుమ్మం పక్కన నిలబడి ఏడుస్తోంది. సత్యం గారు తలెత్తి నన్ను చూశారు.

"వీళ్లెవరండీ?" అన్నారు.

"పుట్టింటివాళ్లండి," అన్నాను.

ఆయన గోడ పట్టుకుని లేచి, వాళ్లకి ఎదురెళ్లి, రండి అని రెండు చేతులూ జోడించారు. తలవైపు పుట్టింటివాళ్లకి చోటు లేకపోతే, మరిదిని కదా, నేను అత్తింటివాళ్ల వైపుకి జరిగాను.